బావ ఎవరు, అన్న ఎవరు: డిగ్రీ క్లాసులో లైంగికత పాఠం ఎలా చెప్పాలి

సిలబస్‌లో 'లైంగికత: సామాజిక నిర్మితి' అన్న యూనిట్ వచ్చేసరికి చాలా కాలేజీల్లో జరిగేది ఒకటే. లెక్చరర్ గొంతు తగ్గుతుంది, వెనక బెంచీల గొంతు పెరుగుతుంది. రెండు పేజీల నోట్సు చెప్పి రాయించడంతో యూనిట్ అయిపోతుంది. మొదటి రెండేళ్లు నేనూ అలాగే కానిచ్చాను. ఆ తరువాత కొంత పడుతూ లేస్తూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. సోషియాలజీ చెప్పేవారి కోసం రాస్తున్నాను. జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజనీరింగ్ కాలేజీల్లో జెండర్ క్లాసు అనుకోకుండా నెత్తిన పడిన ఇంగ్లిషు, మేనేజ్‌మెంట్ లెక్చరర్లకు కూడా పనికొస్తుంది.

ముందు మీరు తేల్చుకోవలసింది

'సామాజిక నిర్మితి' అంటే ఏమిటో మీకు మీరు సొంత మాటల్లో చెప్పుకోగలగాలి. నాకు పనికొచ్చింది ఎంగిలి. ఆకలి శరీరంలో పుడుతుంది, దాన్ని ఎవరూ నిర్మించలేదు. కానీ ఏది తిండి, ఎవరి చేతి వంట తినవచ్చు, ఇంట్లో ఎవరు ముందు తినాలి, ఏ రోజు పస్తుండాలి అన్నవి శరీరం చెప్పదు. పక్కవాడు కొరికిన జామకాయను మీ చేతిలో పెడితే గొంతు దిగదు. అదే ప్రాణస్నేహితురాలు కాకెంగిలి చేసి ఇస్తే హాయిగా తింటారు. జామకాయలో తేడా ఏమీ లేదు. మొదటిసారి కలిగిన ఆ అసహ్యం నటన కూడా కాదు, కడుపులో నిజంగానే తిప్పుతుంది. అయినా అది చిన్నప్పుడు ఎవరో నేర్పినదే.

కోరిక సంగతీ ఇంతే. ఎవరిని చూసి సిగ్గుపడాలి, ఎవరిని చూస్తే ఏమీ అనిపించకూడదు, ఏది సరసం, ఏది తప్పు, ఏ వయసులో, ఎవరి అనుమతితో అన్నవన్నీ పెరిగిన ఇల్లు, కులం, మతం, చట్టం, కాలం కలిసి దిద్దుతాయి. ఈ పోలికను మీరు ముందే నమలకపోతే క్లాసులో రెండు అపార్థాలు వస్తాయి. నిర్మితి అంటే అబద్ధమని కొందరు అనుకుంటారు. నిర్మితి అంటే ఎవరికి వారు చొక్కా మార్చినట్టు మార్చుకోవచ్చని ఇంకొందరు అనుకుంటారు. రెండోది ప్రమాదకరమైనది. ఎందుకో కింద చెబుతాను.

క్లాసుకు వారం ముందు

విభాగాధిపతికి, ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ రాసి ఇవ్వండి: యూనిట్ సంఖ్య, సిలబస్‌లో ఉన్న వాక్యం, మీరు తీసుకునే గంటలు. అనుమతి అడుగుతున్నట్టు రాయకండి, సమాచారం ఇస్తున్నట్టు రాయండి. రేపు ఏ తండ్రో ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ చేతిలో ఆ కాగితం ఉంటుంది.

పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ కాలేజీలో సభ్యులెవరో కనుక్కొని రాసిపెట్టుకోండి. నోటీసు బోర్డు మీద ఉన్న పేర్లలో ఒకరిద్దరు ఎప్పుడో రిటైరై ఉండవచ్చు, సరిచూసుకోండి.

మొదటి సంవత్సరం విద్యార్థుల్లో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం మీ బాధ్యత. తెలిసీ చెప్పకపోతే అదే నేరం. 'ఎవరికీ చెప్పను, నా దగ్గర చెప్పండి' అన్న మాట పొరపాటున కూడా ఇవ్వకండి. ఈ విషయం మొదటి గంటలోనే పిల్లలకు చెప్పేయాలి. చెప్పాలా వద్దా అని వాళ్లు తెలిసి నిర్ణయించుకుంటారు.

చివరి పీరియడ్ వద్దు. ఘట్‌కేసర్, పటాన్‌చెరు బస్సులు పట్టుకోవలసిన వాళ్ల చూపు గడియారం మీదే ఉంటుంది, సగంలో ఆగిన చర్చ బస్సులో వెకిలిగా మారుతుంది. ఉదయం వరుసగా రెండు గంటలు దొరికితే అంతకంటే కావలసింది లేదు. పిల్లలు పేరు రాయకుండా ప్రశ్నలు రాసి వేయడానికి ఒక చెప్పుల డబ్బా, ఒకే కొలతలో కత్తిరించిన తెల్ల చీటీలు సిద్ధం చేసుకోండి. అందరూ నీలం సిరాతోనే రాయాలి. ఆకుపచ్చ పెన్ను ఎవరిదో క్లాసంతటికీ తెలుసు.

నియమాలు మూడే పెట్టండి. సొంత అనుభవం ఎవరూ చెప్పనక్కరలేదు, ఎవరినీ అడగకూడదు. ఫోన్లు బ్యాగుల్లో ఉండాలి, రికార్డింగు కుదరదు. నవ్వు వస్తే నవ్వవచ్చు, కానీ మనిషిని చూసి కాదు. నవ్వును నిషేధిస్తే క్లాసు బిగుసుకుపోతుంది, ఇది నా గట్టి అభిప్రాయం.

మొదటి గంట: మాటలు

లింగం, జెండర్, లైంగికత అన్న మూడు మాటలను బోర్డు మీద రాసి నిర్వచనాలతో మొదలుపెట్టాలనిపిస్తుంది. వద్దు. ముందు పిల్లల నోట్లో ఉన్న మాటలతో మొదలుపెట్టండి.

బోర్డును రెండుగా చీల్చి ఒకవైపు 'చెడిపోయాడు', ఇంకోవైపు 'చెడిపోయింది' అని రాయండి. 'ఫలానా వాళ్ల అబ్బాయి చెడిపోయాడు అంటే ఏం చేశాడని అనుకుంటారు?' అని అడగండి. తాగుడు, పేకాట, ఆన్‌లైన్ రమ్మీ, చదువు మానేశాడు అని వరసగా వస్తాయి. తరువాత అమ్మాయి సంగతి అడగండి. గది నిశ్శబ్దమవుతుంది. పేకాట అన్న సమాధానం నాకు ఇంతవరకు రాలేదు. ఒకే క్రియ, మగవాడి విషయంలో పది దారులు, ఆడదాని విషయంలో ఒకటే దారి. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి పూరించకండి, కాసేపు అలాగే ఉండనివ్వండి.

అక్కడినుంచి మిగతావి వాళ్లే తవ్వుతారు. ముత్తైదువకు మగ జంట మాట ఏది? 'విధవ' నుంచి వచ్చిన 'వెధవ' మగపిల్లలను తిట్టే మాట ఎలా అయింది? 'మగరాయుడు' అంటే మందలింపులో కొంత మురిపెం ఉంటుంది, 'ఆడంగి' అంటే ఎందుకు ఉండదు? ఈ చివరి మాట రాసేటప్పుడు జాగ్రత్త. ఇంటర్ దాకా ఆ పిలుపును మోసి వచ్చిన అబ్బాయి మీ క్లాసులో తప్పకుండా ఒకడుంటాడు. మాటను మీరే రాయండి, ఉదాహరణలు పిల్లల్ని అడగకండి.

ఇంత అయ్యాక ఆ మూడు పారిభాషిక పదాలు రాస్తే పిల్లలకు వాటి అవసరం అర్థమవుతుంది. శరీర భేదం ఒకటి, దాని మీద సమాజం కట్టిన ఆడ-మగ పాత్రలు ఇంకొకటి, కోరిక చుట్టూ అల్లిన అర్థాలు, అనుమతులు మూడోది. ఐదు నిమిషాల పని.

రెండో గంట: వరస

ఈ పాఠానికి విదేశీ సిద్ధాంతం కంటే పెద్ద ఆస్తి మన తెలుగు బంధుత్వ పదాల్లోనే ఉంది. యూనిట్‌లో ఒక్క అభ్యాసానికే సమయం ఉంటే ఇదే చేయించండి.

బోర్డు మధ్యలో ఒక అమ్మాయి బొమ్మ గీయండి. చుట్టూ నలుగురు అబ్బాయిలు: మేనమామ కొడుకు, మేనత్త కొడుకు, పెద్దమ్మ కొడుకు, బాబాయి కొడుకు. పెళ్లిళ్లలో ఎవరి పేరు చెప్పి ఈ అమ్మాయిని ఆటపట్టిస్తారని అడగండి. తెలుగు ఇళ్ల పిల్లలు క్షణం ఆలోచించకుండా మొదటి ఇద్దరి పేర్లు చెబుతారు, వాళ్లు బావలు. మిగతా ఇద్దరు అన్నలు, ఆ ఊహకే మొహం చిట్లిస్తారు. బోర్డు మీద '2' అని రాయండి.

తరువాత మీరే చెప్పండి: ఈ హైదరాబాద్ నగరంలోనే బేగంబజార్‌లో తరాలుగా ఉంటున్న మార్వాడీ ఇళ్లలో నలుగురూ 'భాయి'లే, సంఖ్య సున్నా. పాతబస్తీలో ముస్లిం ఇళ్లలో నలుగురిలో ఎవరితోనైనా సంబంధం మాట్లాడవచ్చు, సంఖ్య నాలుగు. 2, 0, 4. ఆ అంకెలను చెరిపేయకండి, గంట చివరిదాకా అవసరం.

బయాలజీ చదివినవాడు చేయి ఎత్తుతాడు, రక్తసంబంధం వల్ల కదా నిషేధం అంటాడు. మంచి ప్రశ్న. ఈ నలుగురిలో ప్రతి ఒక్కరితోనూ ఆ అమ్మాయికి సగటున ఎనిమిదో వంతు జన్యువులు సమానంగా ఉంటాయి. బావతో ఎంతో అన్నతోనూ అంతే. తెలుగు ఇళ్లలో అమ్మాయిని మేనమామకే ఇచ్చిన పెళ్లిళ్లు ఎన్నో, అక్కడ నాలుగో వంతు. మేనరికాల వల్ల పిల్లల ఆరోగ్యానికి వచ్చే చిక్కులు నిజమే, అయితే బావను ఒప్పుకొని అన్నను నిషేధించే నియమానికి అవి కారణం కావు. చట్టం కూడా ఆచారానికి దారి వదిలింది: 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిళ్లను నిషేధిస్తూనే ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి. 'పెద్దమ్మ కొడుకును చూస్తే మీకు ఏమీ అనిపించదు. ఎవరైనా అలా అనిపించకూడదని కూర్చోబెట్టి చెప్పారా?' ఎవరూ చెప్పి ఉండరు. రెండేళ్ల వయసులో 'అన్నకు టాటా చెప్పు' అన్నప్పుడే ఆ పని అయిపోయింది. మేనత్త వచ్చినప్పుడల్లా 'మా కోడలు ఏదీ' అన్నప్పుడు దాని రెండో సగం పూర్తయింది. నిషేధం బయటి నుంచి వచ్చింది, కానీ ఇప్పుడది లోపలి భావంగానే ఉంది. ఎంగిలి దగ్గర మొదలుపెట్టిన మాట ఇక్కడికి తెచ్చి కలపండి.

దీన్నే ఇంకాస్త సాగదీయవచ్చు. రాత్రి ఎనిమిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కిన అమ్మాయి డ్రైవర్‌ను 'అన్నా' అని పిలవడంలో ఎంత పని జరుగుతోందో అడగండి. ఒక్క పిలుపుతో ఒక తలుపు మూసేస్తోంది. అమ్మాయిలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడతారు. అబ్బాయిల్లో చాలామంది ఆ సంగతి మొదటిసారి వింటారు.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి ఈ అభ్యాసం చేయించినప్పుడు మూడో బెంచీలో ఉన్న ముస్లిం అమ్మాయి వైపు తిరిగి 'మీలో ఎలా ఉంటుంది?' అని అడిగాను. ఏదో గొణిగి కూర్చుంది. మర్నాడు క్లాసుకు రాలేదు. ఒక మతానికంతటికీ ఒక పిల్ల చేత జవాబు చెప్పించబోయాను, ఆ తెలివితక్కువతనం నాది. అప్పటినుంచి 0, 4 సంగతి నేనే చెబుతాను. ఎవరైనా తమంతట తాము కలగజేసుకుంటే సంతోషం.

వరస తరువాత కులం వస్తుంది, రాకుండా దాటవేయకండి. బావ ఎవరో చెప్పే నియమమే ఎవరు ఎప్పటికీ బావ కాలేరో కూడా చెబుతుంది. 2018లో మిర్యాలగూడలో, 2022లో సరూర్‌నగర్‌లో అందరూ చూస్తుండగా జరిగిన హత్యలు పిల్లలకు తెలుసు. మొదటిచోట కులం, రెండోచోట మతం గీత దాటినందుకు. కోరికకు గీసిన హద్దులు భాషలోనే ఉండిపోవని చెప్పడానికి ఈ రెండూ చాలు. వీడియోలు, ఫొటోలు చూపించవద్దు.

మూడో గంట: కాలం మారితే

హద్దులు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయనుకోవడం పిల్లల తప్పు కాదు. దానికి విరుగుడు తేదీలు. నేను మూడు వరసలు వాడతాను, మీకు ఒకటి చాలనిపిస్తే మొదటిది తీసుకోండి.

మొదటిది మన సాహిత్యంలోనిది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. రాధ కోరికను రాధ వైపునుంచి చెప్పిన శృంగార ప్రబంధం. ఆనాటి సభ దాన్ని గౌరవించింది. నూరేళ్లు దాటాక కందుకూరి వీరేశలింగం ఆ కవయిత్రి వేశ్య అని, ఆమె కవిత్వం ఆడవాళ్లు వినదగినది కాదని ఈసడించాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని అచ్చు వేయించి, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కరలేదా అని నిలదీసింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం పోయింది. పద్యాల్లో అక్షరం మారలేదు. మారింది ఎవరో, ఎందుకో పిల్లల్ని చెప్పమనండి. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషే ఈ మాటలూ అన్నాడన్నది కొందరికి మింగుడుపడదు. వీరేశలింగాన్ని బోనులో నిలబెట్టకండి, పొగిడి దాటేయకండి. సంస్కరణే ఒక కొత్త 'మంచి ఆడది'ని తయారుచేసిందన్నది చర్చకు పెట్టవలసిన అంశం.

రెండోది అంకెల వరస. లైంగిక సమ్మతికి చట్టం పెట్టిన కనీస వయసు ఆడపిల్లకు 1860లో 10 ఏళ్లు. 1891లో 12. 1925లో పెళ్లికి బయట 14. ఆ తరువాత 16. 2012 నుంచి 18. బోర్డు మీద నిలువుగా రాసి, 'పిల్ల' అంటే ఎవరో ఒక్కో ఏడాదికీ అడగండి. 1891లో పదిని పన్నెండు చేస్తేనే మతం మీద దాడి అని తిలక్ వంటివారు వ్యతిరేకించారని చెబితే ఆ చివరి అంకె విలువ తెలుస్తుంది. నిర్మితి అన్నంత మాత్రాన విలువలేనిది కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మూడోది ఈ నగరానిదే. నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడ దుస్తుల్లో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. 1871 నాటి బ్రిటిష్ నేరస్థ తెగల చట్టం అడుగుజాడల్లో వచ్చిందది. స్వాతంత్ర్యం వచ్చినా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2024 డిసెంబరులో ఇదే నగరంలో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఒకప్పుడు ఏ వీధిలో నిలబడితే అరెస్టు చేసేవారో ఆ వీధిలోనే ఇప్పుడు వాళ్లు చేయి చూపితే బండ్లు ఆగుతున్నాయి.

సిద్ధాంతం

ఇప్పుడు మాత్రమే ఫ్రెంచి తత్వవేత్త ఫూకో పేరు ఎత్తండి. 1976లో ఆయన చెప్పినదాని సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: అధికారం లైంగికతను అణచివేయడంతో ఊరుకోదు, దాని గురించి అదేపనిగా మాట్లాడించి, వర్గీకరించి, కొత్త రకాల మనుషులను తయారుచేస్తుంది. రిజిస్టరు ఉదాహరణ అప్పటికే చెప్పారు కాబట్టి అది వెంటనే అందుతుంది. సోషియాలజిస్టులు గాగ్నన్, సైమన్ 1973లో చెప్పిన 'లైంగిక స్క్రిప్టులు', అంటే కోరిక విషయంలో ఎవరు ఎలా నడుచుకోవాలో సమాజం రాసిచ్చిన పాత్రలు, మన పిల్లలకు ఇంకా తేలిక, సినిమా చూసి ప్రేమించడం నేర్చుకున్న తరానికి వేరే వివరణ అక్కరలేదు.

క్లాసును ఉలిక్కిపడేలా చేసే వివరం ఒకటుంది. 'హోమోసెక్సువల్' అన్న మాట 1869లో మొదటిసారి అచ్చులో కనిపించింది. 'హెటరోసెక్సువాలిటీ'ని వెబ్‌స్టర్ నిఘంటువు 1923లో కూడా ఒక రోగగ్రస్తమైన కోరికగానే నిర్వచించింది. 'సహజం' అన్న అర్థం 1934 ముద్రణలో వచ్చింది. ఆ మధ్యకాలంలో ఆడవాళ్లను కోరుకున్న మగవాళ్లంతా రోగులేనా అని అడగండి. వెనక బెంచీ కూడా ముందుకు వంగుతుంది.

చీటీలు తెరిచినప్పుడు

ప్రతి గంట చివర చీటీలు వేయించండి, రాయడానికి ఏమీ లేనివాళ్లు సినిమా పేరు రాసి వేయాలి. లేకపోతే రాసినవాళ్లు ఎవరో తెలిసిపోతుంది. ఇంటికి తీసుకువెళ్లి చదివి, మర్నాడు మీ మాటల్లో తిరగరాసి జవాబు చెప్పండి. చేతిరాత ఎవరికీ చూపించకండి.

'ఇదంతా పాశ్చాత్యుల దిగుమతి కాదా' అన్నది ప్రతి ఏడాదీ వస్తుంది. దిగుమతి అయినది స్వలింగ సంబంధాలను నేరం చేసిన బ్రిటిష్ వాళ్ల 377 సెక్షన్. 1860లో వచ్చింది, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాల వరకు దాన్ని కొట్టివేసింది, 2024లో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. విరాటపర్వంలో బృహన్నల మన ఇంటి మనిషే. అయితే ప్రాచీన భారతంలో అంతా స్వేచ్ఛే అని రెండో కొసకు వెళ్లకండి, అది కూడా పచ్చి అబద్ధమే.

'అన్నీ నిర్మితులే అయితే ఏది తప్పు, ఏది ఒప్పు' అన్నది నిజాయితీగల ప్రశ్న. సమ్మతి, వయసు, బలవంతం లేకపోవడం అన్న మూడింటి మీద నిలబడి జవాబు చెప్పండి. నిర్మితులని తెలిసిన తరువాత కూడా కొన్నింటిని మనం కావాలని నిలబెట్టుకుంటాం, పద్దెనిమిది అన్న అంకె లాగా.

ఒక ఏడాది వచ్చిన చీటీ మాత్రం ఇంకా గుర్తుంది. నీలం సిరా, చిన్న అక్షరాలు: 'సమాజమే తయారుచేసింది అంటున్నారు కదా మేడమ్, అయితే నేను మారిపోవచ్చా? ఇంట్లో డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తామంటున్నారు.' ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట్లో ప్రమాదకరం అన్న అపార్థం ఇదే, ఆ పిల్లకో పిల్లవాడికో దాన్ని చేతికిచ్చింది నేనే. మర్నాడు క్లాసంతటికీ ఇలా చెప్పాను. మాతృభాష పూర్తిగా సమాజం ఇచ్చినదే, అయినా దాన్ని గొంతులోంచి పీకేసుకోలేం, పీకేయాలని చూస్తే మనిషి మూగవాడవుతాడు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితాలోంచి తీసేసింది. దాన్ని మారుస్తామనే చికిత్సను మన జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ప్రకటించింది, అలాంటి డాక్టర్ మీద ఫిర్యాదు చేయవచ్చు. బోర్డు మూల టెలిమానస్ నంబరు 14416 రాశాను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరైతే ఈ నాలుగు మాటలూ చీటీ వచ్చేదాకా ఆగకుండా మొదటి గంటలోనే చెప్పేయండి.

బయటికి తీసుకువెళ్లగలిగితే

మౌలాలి గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయింది. ఉర్దూ గజళ్లతో దివాన్, అంటే సంపుటి, కూర్చిన కవయిత్రి, నిజాం దర్బారులో జాగీర్లు అందుకున్న తవాయిఫ్, అంటే ఆటపాటల ఆస్థాన గణిక. ఇప్పుడు ఆ వృత్తి పేరు తిట్టు. ఆ తోటలో కూర్చోబెట్టి ఆమె పరిచయం ఐదు వాక్యాల్లో రాయమనండి, ఏ మాట వాడాలో తెలియక పెన్నులు ఆగిపోతాయి. ఆ ఆగిపోవడమే మీకు కావలసింది. అంత దూరం కుదరకపోతే కోఠి మహిళా విశ్వవిద్యాలయంలోని పాత రెసిడెన్సీ భవనం చాలు. దాన్ని కట్టించిన ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ ఇక్కడి ముస్లిం కులీనుల ఇంటి పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడితే 1801లో కంపెనీ పెద్దలు విచారణ వేశారు.

అసైన్‌మెంటుకు ఆదివారం పేపర్లోని పెళ్లి ప్రకటనలు ఇరవై కత్తిరించి తెమ్మనండి. అబ్బాయి గురించి ఏం రాశారు, అమ్మాయి గురించి ఏం రాశారు, 'సంప్రదాయ' అన్న మాట ఎవరికి ఎన్నిసార్లు వాడారు లెక్కపెట్టమనండి. ఇంటర్వ్యూలు మాత్రం ఇవ్వకండి. ఇంట్లో అమ్మమ్మను 'నీకు పెళ్లి నాటికి ఏం తెలుసు' అని అడిగించడం వినడానికి బాగుంటుంది, కానీ కొన్ని ఇళ్లలో ఆ జవాబు ఒక గాయం.

మార్కులు అభిప్రాయానికి వేయకండి. 'నేను ఒప్పుకోను, కానీ వాదన ఇది' అని సరిగ్గా రాసినవాడికి పూర్తి మార్కులు వేయాలి, ఒప్పుకున్నట్టు నటించి డొల్లగా రాసినవాడికి కోయాలి. ఈ సంగతి ముందే చెబితే సగం గొడవ తగ్గుతుంది.

చివరి గంట అయ్యాక వెంటనే స్టాఫ్‌రూముకు వెళ్లిపోకండి. డబ్బా సర్దుకుంటూ, బోర్డు నెమ్మదిగా తుడుస్తూ పది నిమిషాలు అక్కడే ఉండండి. బ్యాగు జిప్పు వేయడానికి అవసరానికి మించి సమయం తీసుకుంటున్న వాళ్లు ఒకరుంటారు. మీరు వాళ్ల వైపు తిరగవద్దు, బోర్డు తుడుస్తూనే ఉండండి. తలుపు మాత్రం తెరిచే ఉంచండి.